గువ్వలపాకలో ఎవరూ లేరు

డాక్స్, ఎముకల ఆసుపత్రి
24 సెప్టెంబర్ 1984

మరదలు మాయిలిస్‌కి,

విరిగింది తుంటి ఎముకే గాని నా బుర్ర కాదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి నీకు ఆ అనుమానం వస్తుంది.

డాక్టరు నవంబర్ దాకా నా కాలు నేల మీద మోపొద్దన్నాడు. "మరి అక్టోబర్ సంగతేంటండీ?" అని అడిగాను. "అది నవంబర్‌కి ముందొస్తుంది" అన్నాడు. పారిస్ మనిషి. ఆయనకి తెలిసిన గువ్వలన్నీ చర్చి గోపురం మీద రెట్టలు వేసేవే.

సంగతికి వస్తాను. దిబ్బ మీద ఓక్ చెట్ల మధ్య, అక్టోబర్‌లో వలసపోయే గువ్వల్ని నక్కి కూర్చుని వలేసి పట్టడానికి మా తాత కట్టిన గువ్వలపాక ఉంది కదా. పోయిన సెప్టెంబర్‌లో తమ్ముడు అబెల్ పోయాడు. ఆ ఏడు నేను పాక తలుపు తియ్యలేదు. ఈ ఏడు చెట్ల మీద గువ్వల్ని నిలబెట్టే కొయ్యలు బాగుచెయ్యబోయి నిచ్చెన మీంచి పడ్డాను. మన ఊరి వేట సంఘం నిబంధన నీకూ తెలుసు. వరసగా రెండేళ్లు మనిషి లేని పాకని సంఘం లాక్కుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అధ్యక్షుడు నోర్బేర్ కస్తాంగ్‌కి పాక లేని అల్లుడొకడున్నాడు. పక్కవాడి కంచంలో ముక్కని చూసినట్టు వాడు మన ఓక్ చెట్లని చూస్తున్నాడు. నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఉన్న ఆస్తల్లా ఆ పాకే.

ఎవరిని కూర్చోబెట్టాలా అని మంచం మీద పడుకుని ఊళ్లో మగాళ్లందర్నీ తలుచుకున్నాను. ఒకడికి నోరు ఆగదు, ఒకడికి చెయ్యి ఆగదు, మంచివాళ్లకి సొంత పాకలున్నాయి. ఇక నువ్వు మిగిలావు.

ఆ పాకలోకి ఆడమనిషి రాకూడదని మా తాత మాట. నలభై ఏళ్లలో ఒక్క పిల్లి మాత్రం దూరింది. అది ఆడపిల్లి అని తెలిశాక అబెల్ దానికి మగపేరు పెట్టి ఉంచేశాడు. అలాగే ఇదీ. టార్బ్ నుంచి మా చుట్టం ఒకాయన వచ్చి పాకలో కూర్చుంటాడని కస్తాంగ్‌కి చెప్పేశాను. నువ్వు బెరే టోపీ పెట్టుకో. దూరం నుంచి తెలీదు. దగ్గరికి ఎవరినీ రానివ్వకు.

పెరట్లో పంజరంలో పన్నెండు దీమపు గువ్వలున్నాయి. పైన ఎగిరే గువ్వల్ని కిందికి రప్పించేది ఇవే, కాబట్టి నీకంటే ముందు వాటికి తిండి. మొక్కజొన్న, మంచినీళ్లు, తడవని చోటు. అబెల్ గోధుమరంగు కోటు తొడుక్కో, దాన్ని ఉతకొద్దు. వాటికి ఆ వాసన తెలుసు.

అన్నిటికంటే ముఖ్యం ఈల. పాక దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరైనా సరే, నరికిన పైన్ మొద్దు దగ్గర ఆగి ఈల వెయ్యాలి. లోపలివాళ్లు తిరిగి ఈల వేస్తేనే అడుగు ముందుకి. గువ్వలు నేల మీద దిగి ఉంటే మాత్రం జవాబివ్వకు. బయటి ఈలని అవి పట్టించుకోవు, దూరం గనక. పది గజాల్లో ఈల వినబడితే మాత్రం ఒక్కటి మిగలదు. పోప్‌గారు వచ్చి ఈల వేసినా సరే, నిలబడి ఉండమను. అంటే అనొద్దు, ఊరికే ఉండు.

ఒప్పుకుంటావో లేదో రాయి. ఒప్పుకోకపోతే రాయొద్దు.

లెయోన్స్


పుయారూక్
28 సెప్టెంబర్

బావగారికి,

మీ ఉత్తరం అందింది. రాస్తున్నాను గనక ఒప్పుకున్నట్టే.

నిన్న పాక చూశాను. పెళ్లయిన నాటి నుంచి ఏటా అక్టోబర్‌లో రోజూ తెల్లారకముందే మీ ఇద్దరికీ మధ్యాహ్నం భోజనం గిన్నెల్లో సర్ది, దిబ్బ కింద పైన్ మొద్దు మీద పెట్టి వెనక్కి వచ్చేదాన్ని. సాయంత్రం వెళ్లి ఖాళీ గిన్నెలు తెచ్చుకునేదాన్ని. లోపల చాలా కష్టమైన పని జరుగుతోందని అబెల్ చెప్పేవాడు. చలి, ఆకలి, నిశ్శబ్దం అనేవాడు.

లోపల దొరికినవి రాస్తున్నాను. రెండు పరుపులు. ఒక పొయ్యి. నేను పంపిన భోజనం కాకుండా విడిగా బాతుకొవ్వులో నిలవేసిన బాతు తొడలు, ఆరు సీసాలు. అర్మాన్యాక్ సారా, ఎన్ని సీసాలో చెప్పను, మీరున్నది ఆసుపత్రిలో గనక. అరిగిపోయిన పేకముక్కలు. ఒక అకార్డియన్ పెట్టె. నిశ్శబ్దానికి అకార్డియన్ ఎందుకో వీలు చూసుకుని రాయండి.

పందికొక్కులు ఒక పరుపు తినేశాయి. అది మీదో ఆయనదో తెలీదు. రెండోది ఎండలో వేశాను.

కొయ్యలు నేనే బిగించాను. భయపడకండి, నిచ్చెనని చెట్టుకి తాడుతో కట్టాను. ఇలా కట్టడం అనేది ఒకటుందని మీకు డెబ్బై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు కాబోలు.

దీమపు గువ్వలు నాతో సరిగ్గానే ఉన్నాయి, ఒక్క కర్నల్ తప్ప. కర్నల్ అంటే బూడిద మెడది, మీరు పేరు పెట్టినది. అది నన్ను చూసి వెనక్కి తిరిగి కూర్చుంటుంది. ఆ అలవాటు దానికి ఎక్కడిదో నాకు తెలుసు.

టార్బ్ చుట్టంగా ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. మీకు మాటిచ్చినట్టే అనుకోండి. ఎవరికీ చెప్పను. అయితే ఇక నా భోజనం పైన్ మొద్దు మీద ఎవరు పెడతారు?

మాయిలిస్


డాక్స్
3 అక్టోబర్

మాయిలిస్‌కి,

అకార్డియన్ వానరోజులకి. వానలో గువ్వలు ఎగరవు.

నిచ్చెన సంగతి చదివాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నిచ్చెన మీద నెపం వేశానని పక్క మంచంవాడు ఇప్పటికే అన్నాడు. నువ్వు కూడా అనక్కర్లేదు.

ఇప్పుడు పనిలోకి రా. పొద్దున్నే మంచు విడిచాక ఐదు దీమాల్ని చెట్ల మీద కొయ్యలకి ఎక్కించు. ఒక్కో కొయ్యకి తాడుంది, తాడు కొస పాకలో ఉంది. తాడు లాగితే కొయ్య ఊగుతుంది, దాని మీద గువ్వ నిలదొక్కుకోవడానికి రెక్కలు కొడుతుంది. ఆకాశంలో ఉన్నవాటికి అది "మనవాళ్లు ఇప్పుడే వాలారు, మేత ఉంది" అన్నట్టు కనబడుతుంది. గుంపు ఇంకా దూరంగా ఉండగానే లాగు. దగ్గరికి వచ్చాక లాగితే మోసమని తెలిసిపోతుంది. మెల్లగా లాగాలి. నిద్రపోతున్న మనిషిని లేపినట్టు లాగాలి. ఎలాంటి మనిషిని అంటే, నీకు ఇష్టమైన మనిషిని.

పైకి చూడకు. మనిషి మొహం పైనుంచి కంచంలా మెరుస్తుంది. టోపీ అంచు కిందినుంచి చూడు.

గుంపు చెట్ల మీద వాలిందా, అప్పుడే సంబరపడకు. సగం పనే అయింది. వలల మధ్య నేల మీద రెండు దీమాల్ని వదిలి మేత తిననివ్వు. ఆ పైన నువ్వు గొంతులో కుయ్యాలి. గువ్వ కూత నోటితో కాదు, గొంతు అడుగునుంచి వస్తుంది. మూడు పొడుగు, రెండు పొట్టి. చెట్టు మీదివి ఒక్కొక్కటే దిగుతాయి. అన్నీ తలలు దించుకుని తింటున్నప్పుడే వల తాడు లాగు. ఒక్క తల ఎత్తి ఉన్నా ఆగు. ఆ ఒక్కటే మిగతావాటికి కాపలా.

పాకలో ఇద్దరుండాలి. ఒకరు తాళ్లకి, ఒకరు వలకి. నాకు అబెల్ ఉండేవాడు. నువ్వు ఒక్కదానివే చేసుకోవాలి. నీకు భోజనం ఎవరు పెడతారని అడిగావు. ఆలోచిస్తున్నాను.

లెయోన్స్


పుయారూక్
11 అక్టోబర్

బావగారికి,

ఎనిమిది రోజుల యుద్ధం వివరాలు.

మొదటి గుంపుకి తాడు మీరు చెప్పినట్టే దూరంగా ఉండగా లాగాను. ఏ దీమం కదలలేదు. తాడు కొయ్యకి కాక కొమ్మకి కట్టాను. కొమ్మ బాగా ఊగింది. గుంపు స్పెయిన్ వెళ్లిపోయింది.

రెండో గుంపుకి తుమ్మాను.

మూడో గుంపు చెట్ల మీద వాలింది. మీరు రాసినట్టే గొంతు అడుగునుంచి కూశాను, మూడు పొడుగు, రెండు పొట్టి. చెట్టు మీద గువ్వలు ఒకదాని మొహం ఒకటి చూసుకుని లేచిపోయాయి. నేల మీదున్న మన దీమాలు కూడా పోదామా అన్నట్టు చూశాయి.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. అబెల్ గురక గుర్తొచ్చింది. వెల్లకిలా పడుకున్నప్పుడు కాదు, కుడివైపు తిరిగాక ఒకటి మొదలయ్యేది చూడండి, అది. పెళ్లైనప్పటినుంచి విన్నాను గనక నాకు బాగా వచ్చు. నాలుగో గుంపుకి ఆ గురక పెట్టాను. పదకొండు దిగాయి. తల ఎత్తింది ఒక్కటి కూడా లేదు. వల తాడు లాగాను. పదకొండూ పడ్డాయి. ఆ తర్వాత కాసేపు ఏడ్చాను. గువ్వల గురించి కాదు.

ఇంకో సంగతి. దూరంగా ఉండగా లాగాలన్నది గాలి లేని రోజుకే సరిపోతుంది. ఎదురుగాలి ఉంటే గుంపు నెమ్మదిగా వస్తుంది, కాస్త ఆలస్యంగానే లాగాలి. మీరు ఇది రాయలేదు. మర్చిపోయారో, మీకు తెలీదో.

కర్నల్ ఇప్పుడు నావైపు తిరిగి కూర్చుంటోంది. దాని కోసం ఒకరోజు అకార్డియన్ వాయించాను. వాన లేదు, అయినా వాయించాను.

ఒకటి అడగాలని చాలాకాలంగా ఉంది. నన్ను పాకలోకి ఎందుకు రానివ్వలేదు? తాత మాట అనకండి. మీ తాత బూతులు ఆడకూడదని కూడా అన్నాడు. అబెల్‌ని అడిగితే "అన్నయ్య ఒప్పుకోడే" అనేవాడు. ఇక్కడ కూర్చుని చూస్తే నేను చెయ్యలేని పని ఏదీ కనబడలేదు. ఒక్క సారా తాగడం తప్ప, అదీ నేర్చుకుంటున్నాను.

మాయిలిస్


డాక్స్
15 అక్టోబర్

మాయిలిస్‌కి,

ఎదురుగాలి సంగతి నాకు తెలుసు. రాయడం మర్చిపోయాను.

పద్దెనిమిదో తారీకు సెయింట్ లూక్ పండగ. ఏడాదిలో పెద్ద వలస ఆ రోజుకి అటూ ఇటూగా ఉంటుంది. ఆకాశం నీలంగా మారడం అంటే ఏమిటో అప్పుడు చూస్తావు, గువ్వలతో నీలమవుతుంది. ముందురోజు సాయంత్రమే కొయ్యలు, తాళ్లు చూసుకో. వలకి గ్రీజు పెట్టు. పొద్దున పదకొండుకి గుంపులు ఆగిపోతాయి, అప్పుడు తిను. మూడింటికి మళ్లీ మొదలవుతాయి. ఆ మధ్యలో నిద్రపోవద్దు. మేము పోయేవాళ్లం, అది తప్పు.

కస్తాంగ్ ఈ వారంలోనే తనిఖీకి వస్తాడట, నన్ను చూడటానికి వచ్చినవాడొకడు చెప్పాడు. ప్రతి పాక దగ్గరా మొద్దు దగ్గర నిలబడి ఈల వేస్తాడు, జవాబు ఈల వినగానే పుస్తకంలో "ఉన్నారు" అని రాసుకుని పోతాడు. లోపలికి రాడు. కాబట్టి గట్టిగా ఒక మగ ఈల వేసి పంపించెయ్యి. మన పాక నిలబడేది ఆ ఒక్క ఈల మీదే.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు వీలు కాదు. నర్సు సూది పట్టుకుని నిలబడింది.

లెయోన్స్


పుయారూక్
18 అక్టోబర్, సాయంత్రం

బావగారికి,

ముందు మంచి వార్త. ఈ రోజు ముప్పైనాలుగు గువ్వలు పడ్డాయి. ఈ ఏడు ఊళ్లో ఏ పాకకీ ఇన్ని పడలేదు.

రెండోది చెడ్డ వార్త. పాక పోయేట్టుంది.

పదింటికి ఒక పెద్ద గుంపు వచ్చింది. ఓక్ కొమ్మలు బరువుకి వంగాయి. నా గుండె చప్పుడు వాటికి వినబడుతుందేమో అనిపించింది. గురక మొదలుపెట్టాను. ఒకటి దిగింది, మూడు దిగాయి, ఆ తర్వాత నేల కనబడలేదు. సగం తింటున్నాయి, సగం తలలెత్తి చూస్తున్నాయి. సరిగ్గా అప్పుడు మొద్దు దగ్గర్నుంచి ఈల.

కస్తాంగ్ ఈల అని తెలుసు. పాక దాని మీదే ఉందని మీరు రాసినదీ తెలుసు. కానీ గువ్వలు నేల మీద ఉన్నాయి. పోప్‌గారు వచ్చినా సరే అన్నారు. మీరు అధ్యక్షుడి విషయంలో వేరుగా ఉండమని ఎక్కడా రాయలేదు, ఉత్తరం తీసి మళ్లీ చదవడానికి చేతులు ఖాళీ లేవు.

రెండో ఈల. నేను కదలలేదు. మూడో ఈల. ఒక్కొక్క తలే దిగుతోంది. ఆఖరి తల దిగేదాకా ఊపిరి బిగబట్టి వల తాడు లాగాను.

బయటికి పరిగెత్తేసరికి ఎవరూ లేరు. మొద్దుకి ఒక చీటీ గుచ్చి ఉంది. "18 అక్టోబర్, పది గంటల ఇరవై నిమిషాలు. మూడు ఈలలు, జవాబు లేదు. పాకలో ఎవరూ లేరు. నో. కస్తాంగ్."

గువ్వల బుట్ట పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"గువ్వలు దిగి ఉన్నాయండీ. అందుకే జవాబివ్వలేదు."

"దిగి ఉన్నాయని లోపలున్నవాడు చెప్పాలమ్మా, నువ్వు కాదు. ఏడీ ఆ టార్బాయన?"

"ఊరెళ్లాడు."

"ముప్పైనాలుగు గువ్వలు పడిన రోజున ఊరెళ్లిన మనిషిని నేనింతవరకు చూళ్లేదు."

"ఇవిగో గువ్వలు, కనబడ్డంలా?"

"గువ్వలు కనబడుతున్నాయి. మనిషే కనబడ్డంలేదు. పాకకి గువ్వలు కాదమ్మా, మనిషుండాలి."

నా జుట్టులో ఈకలున్నాయి. వాటి వంకే చూస్తూ మాట్లాడాడు. నేనే ఉన్నానని నోటి చివరిదాకా వచ్చింది. మీకు మాటిచ్చాను గనక మింగేశాను.

ఇరవై ఎనిమిదో తారీకు ఆదివారం సంఘం సమావేశం. ఆ రోజు పాక అల్లుడికి రాసేస్తారు. అభ్యంతరం ఉంటే పాక హక్కుదారు ఒక్కడే చెప్పాలట, స్వయంగా రాసి, సంతకం పెట్టి, ఆ రోజు లోపల ఉన్న మనిషి పేరు కూడా రాయాలట.

నా ఖర్మ కాకపోతే, మీ నియమం ఒకటి పాటించినందుకు ఇంకో నియమం కింద పాక పోవడం ఏమిటి? ఈల వేసి ఉంటే పాక నిలిచేది, గువ్వలు పోయేవి. తప్పు చేశానా? నిజంగా అడుగుతున్నాను. నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది, ఏది ముందో తెలియడం లేదు.

ఆ టార్బ్ చుట్టానికి పేరేమిటో రాయండి.

మాయిలిస్


డాక్స్
22 అక్టోబర్

మాయిలిస్‌కి,

నీ ఉత్తరం చదివి నర్సు మీద అరిచాను. తర్వాత క్షమాపణ అడిగాను. అప్పుడు భయపడి నాడి చూసింది.

ముందు చుట్టానికి పేరు పెట్టాను. ఎమీల్. వాడి పేరుతో ఉత్తరం రాశాను. చించేశాను. ఒక అబద్ధానికి పేరు పెడితే దానికి ఊరు, ఇల్లు, సంతకం అన్నీ కావాలి. కస్తాంగ్ టార్బ్‌కి ఫోన్ చేసే రకం. రెండోసారి రాశాను, అదీ చించాను. మూడోది పంపించాను. నకలు నీకు కింద రాస్తున్నాను. ఆదివారం దాన్ని అందరి ముందూ చదువుతారు. నువ్వు ముందే చదవాలి, ఎందుకో చదివితే తెలుస్తుంది.

"పుయారూక్ వేట సంఘానికి,

అక్టోబర్ పద్దెనిమిదిన నా పాకలో మనిషి ఉంది. పేరు మాయిలిస్ దుపుయ్, నా తమ్ముడు అబెల్ భార్య. టార్బ్‌లో నాకు చుట్టాలెవరూ లేరు. ఆమె ఆడమనిషి అన్న సంగతి దాచడానికి నేను కల్పించాను. ఆమె తప్పు ఇందులో లేదు.

గువ్వలు నేల మీద ఉండగా ఈలకి జవాబివ్వకూడదు. ఆమె ఇవ్వలేదు. అధ్యక్షుడి ఈల అని తెలిసి కూడా ఇవ్వలేదు. అలాంటప్పుడు నేనైతే ఇస్తాను. ఇచ్చాను కూడా.

1959లో సెయింట్ లూక్ రోజున మా పాక ముందు రెండు వందల గువ్వలు దిగి, వల లాగబోయేలోపు లేచిపోయాయి. ఆ కథ మీ అందరికీ తెలుసు. మా అబెల్ దగ్గాడు, గువ్వలు పోయాయి అని మీకు చెప్పింది నేనే. వాడు దగ్గలేదు. మొద్దు దగ్గర్నుంచి ఎవరో ఈల వేశారు. ఊళ్లో మొదటగా రెండు వందలు పట్టినవాణ్ణని ఆ వచ్చిన మనిషికి చూపించుకోవాలని నేను తొందరపడి తిరిగి ఈల వేశాను. మీరు ఆ రోజునుంచి వాణ్ణి దగ్గుల అబెల్ అన్నారు. వాణ్ణి పూడ్చిన రోజున కూడా శవపేటిక మోస్తూ ఎవరో 'పాపం, దగ్గుల అబెల్' అన్నారు. నేను విన్నాను, ఊరుకున్నాను.

పాక ఎవరికి ఇస్తారో మీ ఇష్టం. లోపల మనిషి లేదని మాత్రం రాయొద్దు.

లెయోన్స్ దుపుయ్."

ఇదీ ఉత్తరం. ఇక నుంచి ఊళ్లో నాకు ఏ పేరు పెడతారో చూడాలి. పెట్టనీ.

నువ్వు తప్పు చేశావా అని అడిగావు. లేదు. నువ్వు నాకంటే మంచి వేటగత్తెవి. ఈ వాక్యం రాయడానికి నాకు గంట పట్టింది.

పాకలోకి ఎందుకు రానివ్వలేదని కూడా అడిగావు. అబెల్ పెళ్లి చేసుకున్నాక ఏడాదిలో పదకొండు నెలలు నీ వాడు. అక్టోబర్ ఒక్కటి నాది. నాకు వాడు తప్ప ఎవరున్నారు? నువ్వు ఒక్కసారి ఆ పాకలో అడుగుపెడితే, చక్కగా వండిపెట్టి, రెండు మాటలు నవ్వుతూ మాట్లాడితే, ఆ అక్టోబర్ కూడా నీదైపోతుందని భయపడ్డాను. అయిపోయేది కూడా. వాడికి నువ్వంటే అంత ఇష్టం. ఈర్ష్య అనాలి దీన్ని, వేరే పేరు లేదు. తాతని అడ్డం పెట్టుకున్నాను. ఆయనకి ఆడవాళ్ల మీద ఏ కోపమూ లేదు, పాపం.

లెయోన్స్


పుయారూక్
29 అక్టోబర్

బావగారికి,

నిన్నటి సమావేశం గురించి వరసగా రాస్తాను.

నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. కార్యదర్శి మీ ఉత్తరం అందుకుని చదవడం మొదలుపెట్టాడు. నా పేరు రాగానే అందరూ తిరిగి చూశారు. అల్లుడు "ఆడమనిషా?" అన్నాడు. వాళ్లత్తగారు "ఏం, గువ్వలకి తెలిసిందా?" అంది. ఆ తర్వాత 1959 వచ్చింది. దగ్గు గురించి చదివేటప్పుడు గదిలో ఎవరూ దగ్గలేదు. దగ్గు వస్తున్నవాళ్లు కూడా ఆపుకున్నారు.

చదవడం అయ్యాక కస్తాంగ్ లేచాడు. అతనన్న మాటలివి:

"ఆ రోజు ఈలేసింది నేనే. కొత్త కుక్కని చూపిద్దామని వెళ్లా. లోపల్నించి లెయోన్స్ ఈల నా చెవులతో నేనే విన్నా. ఆ వెనకే గువ్వలు లేచిన చప్పుడు కూడా విన్నా."

"ఇరవై అయిదేళ్లు ఎందుకు చెప్పలేదయ్యా?" అని ముసలి వడ్రంగి అడిగాడు.

"ఎవరూ అడగలా. పైగా గువ్వల్ని లేపింది నీ ఈలే అని నన్నంటారని."

అతను కూర్చుని మళ్లీ లేచి, జేబులోంచి పుస్తకం తీసి, పద్దెనిమిదో తారీకు దగ్గర "ఎవరూ లేరు" కొట్టేసి "ఉన్నారు" అని రాశాడు. ఆ తర్వాత చేతులెత్తారు. పందొమ్మిది మంది మనకి, ఆరుగురు అల్లుడికి. ఒకాయన నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాళ్లు ఇప్పటికే పాక ఉన్నవాళ్లకి ఓటు వేసినట్టు లెక్క అట, మనవైపే కలిపారు.

అయితే ఒకటి. పాక హక్కుదారు దిబ్బ ఎక్కగలగాలి అని ఇంకో నిబంధన ఉంది. మీ తుంటి సంగతి అందరికీ తెలుసు. అందుకని పాక నా పేరు మీద రాశారు. మీకు బాధ కలిగితే చెప్పండి. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, కానీ చెప్పండి.

ఇప్పుడు అబెల్ సంగతి. మీరు రాసింది నాకు కొత్త కాదు. 1959లో ఆ సాయంత్రమే ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. "అన్నయ్య ఈలేశాడే. నా దగ్గని చెబుతున్నాడు. చెప్పుకోనీ, వాడికి ఉన్నది ఆ పాక ఒక్కటే కదా, అందులో కూడా నవ్వులపాలైతే ఎలా బతుకుతాడు" అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. నేను చెప్పలేదు, కానీ ఆయనంత మంచిదాన్ని కాదు. ఊళ్లో ఆ పేరు విన్న ప్రతిసారీ మీ మీద కోపంతో మండిపోయాను. అలా మండుతూనే మీ గిన్నెలో మంచి ముక్కలు వేశాను, ఎందుకంటే ఆయన చూసేవాడు. ఇవాళ ఆ కోపం వెతికితే దొరకడం లేదు. ఆయన బతికి ఉండగా మీరు ఆ ఉత్తరం రాసి ఉంటే బాగుండేది. రాసినందుకు ఇప్పుడైనా సంతోషమే.

అక్టోబర్ గురించి కూడా. అది మీదే. నేను ఒక్కసారి కూడా అడగలేదు కదా. నేను అడిగింది లోపల ఎలా ఉంటుందో చూస్తానని, అంతే.

గురువారం సర్వ పునీతుల పండగ. మీ నర్సుకి ఫోన్ చేశాను. ఒక్కరోజుకి మిమ్మల్ని వదలడానికి డాక్టరు ఒప్పుకున్నాడట. మీ చక్రాల కుర్చీ వెడల్పు ఎంతో కొలిచి చెప్పమన్నాను. గువ్వల కంట పడకుండా పాకకి వెళ్లే నడవ మనిషి పక్కకి తిరిగి నడిచేంతే ఉంది, కుర్చీ పట్టదు. అందుకని నిన్న సమావేశం నుంచి రాగానే కొడవలి తీసుకుని మొదలుపెట్టాను. రెండు వైపులా దడి పీకేశాను. కొమ్మల కప్పు తీసేశాను. కుర్చీ పడుతుంది, పక్కన ఒక మనిషి కూడా నడవొచ్చు.

నడవ మొత్తం ఇప్పుడు ఆకాశానికి బట్టబయలు. ఇవాళ పొద్దున నాలుగు గుంపులు వచ్చాయి. కర్నల్ తన రెక్కలు అరిగేట్టు కొట్టింది. గుంపులు పైన ఒక చుట్టు తిరిగి, ఆ తెల్లటి మట్టి దారి చూసి, మర్యాదగా పక్కకి తప్పుకుని కస్తాంగ్ చెట్ల మీద వాలాయి. కప్పు మళ్లీ వేసి, దాని ఆకులు ఎండి అడవి రంగులోకి రావాలంటే వచ్చే వేసవి దాటాలి.

గురువారం పొద్దున ఎనిమిదింటికి రొట్టెల బండి అతను డాక్స్ వస్తాడు, మిమ్మల్ని ఎక్కించుకుంటాడు. ముందు అబెల్ సమాధి దగ్గరికి వెళదాం, చామంతులు నేను తెస్తాను. ఆ తర్వాత పాకకి. రెండో పరుపు మీ వైపు వేశాను.

ఇక ఈ ఏడాది మన పాకకి ఒక్క గువ్వ కూడా దిగదు. మీరు దిగితే చాలు.

మాయిలిస్